నీళ్లెవరు పోస్తారు?

మొన్న నెక్లెస్ రోడ్డు మీద నర్సరీ మేళా పెట్టారంటే మా అబ్బాయి కారెక్కించి తీసుకెళ్లాడు. పట్టుమని పది అడుగులు వేశానో లేదో, ఒక స్టాల్లో వరసగా యాభై తెల్ల పింగాణీ తొట్లు. ఒక్కోదాంట్లో ఉబ్బిన దుంపల్లాంటి వేళ్లు, నెత్తిన గుప్పెడు ఆకులు. పైన ‘బోన్సాయ్’ అని బోర్డు. మట్టి కనబడకుండా గులకరాళ్లు పరిచారు. ఓ రాయిని గోటితో కదిపాను, కదల్లేదు. పక్కదాన్ని కదిపాను, అదీ అంతే. జిగురు పోసి రాళ్లన్నీ పలకలా అతికించేశారు! లారీ కుదుపులకు మట్టి ఒలికిపోకుండానట. “మరి నీళ్లెలా దిగుతాయి నాయనా?” అంటే ఆ కుర్రాడు నా వంక జాలిగా చూశాడు. “వారానికోసారి స్ప్రే కొడితే చాలు అంకుల్. లో మెయింటెనెన్స్.”

నలభై ఏళ్లుగా రెండు పూటలా చెంబు పుచ్చుకుని మేడెక్కి దిగుతున్నవాణ్ణి. మోకాళ్లు అరిగిందే అందుకు. నాకు చెబుతున్నాడు.

మా రోజుల్లో... అని నేను మొదలెట్టగానే మా మనవడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుంటాడు. మీకా సౌకర్యం లేదు కాబట్టి వినండి.

1985 ప్రాంతంలో జంటనగరాల్లో ఈ పిచ్చి ఉన్నవాళ్లం, నాకు తెలిసినంతలో, పదకొండు మందిమి. నేను కరెంటాఫీసులో. రైల్వే గార్డు ఒకాయన, కెమిస్ట్రీ లెక్చరర్ ఒకాయన, పాతబస్తీలో అత్తరు కొట్టున్న పెద్దమనిషి ఒకాయన, మిగతావాళ్లు ఇల్లు చూసుకునే ఆడవాళ్లు. అందరికీ గురువు మారేడుపల్లి మేడమ్. బొంబాయిలో ఉన్న రోజుల్లో నేర్చుకుని వచ్చిందావిడ. నెలకో ఆదివారం వాళ్ల పెరట్లో చేరేవాళ్లం. తలా ఒక చెట్టు తేవాలన్నది నియమం. నేను స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని, ప్రతి గతుకు దగ్గరా దేవుణ్ణి తలుచుకుంటూ తెచ్చేవాణ్ణి. చెట్టుని పీట మీద పెట్టి చుట్టూ కూర్చుని తప్పులు పట్టేవాళ్లు. పెళ్లిచూపుల్లో పిల్లని కూడా అంత ఇదిగా చూడరు. “వేళ్లన్నీ ఒకవైపే పోయాయేం?” “ఆ రెండు కొమ్మలూ ఎదురెదురుగా వచ్చాయి, బట్టలారేస్తారా వాటిమీద?” ఒక్కోసారి కళ్లనీళ్ల పర్యంతమయ్యేది. నెల తిరిగేసరికి పౌరుషంగా దిద్దుకుని అదే చెట్టుని మళ్లీ తెచ్చేవాళ్లం. ఇప్పుడు ఫోన్లో ఫొటో పెడితే అరనిమిషంలో యాభై గుండెలు, నలభై చప్పట్లు. వంకర ఉందని నోరు జారామా, నెగెటివ్ అంకుల్ అని పేరు పెడతారు.

మేడమ్‌ది ఒక పట్టుదల. కొమ్మ కొట్టేయాలని ఎంత దురదగా ఉన్నా కత్తెర ముట్టుకోనిచ్చేది కాదు. ఆ కొమ్మ మీద చేతిరుమాలు కప్పమనేది. కప్పి, వారం రోజులు వస్తూ పోతూ చూడమనేది. కొమ్మ లేని చెట్టు కంటికి అలవాటవ్వాలి; వారం తర్వాత కూడా రుమాలున్న చెట్టే బాగుందనిపిస్తే అప్పుడు కత్తెర. ఇప్పుడు వర్క్‌షాప్ అని పెడతారు. మనిషికి ఇంత అని కట్టించుకుంటారు, టీషర్టు ఇస్తారు. పదింటికి మొక్క చేతికిస్తారు, పన్నెండుకల్లా అది బోన్సాయ్ అయిపోవాలి, భోజనాలున్నాయి. కత్తెరలు కసకసలాడుతుంటే మంగలి కొట్టులో కూర్చున్నట్టే ఉంటుంది.

తీగ సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు గోధుమరంగు అల్యూమినియం తీగ చుట్టలు చుట్టలుగా గుమ్మంలోకొస్తోంది. మెత్తగా ఉంటుంది, చెప్పినట్టు వింటుంది. మాకు రాగి తప్ప దిక్కులేదు. రాణీగంజ్‌లో మోటార్లు రీవైండింగ్ చేసే కొట్ల ముందు కాపు కాసేవాణ్ణి. కాలిపోయిన మోటారులోంచి లాగేసిన తీగ తూకానికి ఇచ్చేవాళ్లు. దాన్ని తెచ్చి, చుట్టగా చేసి, గడ్డిమంట మీద పెట్టాలి. పగలు చేస్తే రంగు తెలియదు, చీకటి పడ్డాకే చేయాలి. తీగ కుంకుమ రంగుకి తిరిగి మసకమసకగా వెలిగే క్షణం ఒకటొస్తుంది. అప్పుడు పట్టకారుతో తీసేయాలి. ఇంకాస్త ఉంచితే పైన పొలుసులు లేస్తాయి. చల్లారాక ఆ రాగి పురికొసలా వంగుతుంది. అయితే ఒక్కసారే వంగుతుంది. వంచాక గట్టిపడిపోతుంది, విప్పి ఇంకోలా చుడదామంటే మొండికేస్తుంది. అందుకే చుట్టే ముందు పదిసార్లు ఆలోచించేవాళ్లం.

తీగ లావు కొమ్మ లావులో మూడోవంతు ఉండాలి, ఏటవాలుగా తిరగాలి, బెరడుని ఆనుకోవాలి గాని కొరక్కూడదు. జువ్వి, రావి, మర్రి లాంటివాటికి వానాకాలంలో తీగ చుట్టి మరిచిపోయామో, రెండు నెలల్లో కొమ్మ లావెక్కి తీగని మింగడం మొదలెడుతుంది. తీసేటప్పుడు విప్పకూడదు, ముక్కలు ముక్కలుగా కత్తిరించాలి. ఇప్పటి పిల్లలు తీగ దాచుకుందామని లాగి, దాంతోపాటు బెరడూ ఊడదీస్తారు. అయిదేళ్ల కొమ్మ, అయిదు రూపాయల తీగ! పోనీలెండి, అబద్ధమెందుకు, నా రావిచెట్టు ఎడమ కొమ్మ మీద కూడా పాము చుట్టుకున్నట్టు మచ్చలున్నాయి. మా చెల్లెలి పెళ్లి హడావుడిలో మరిచిపోయాను. ఆ మచ్చలు చూసినప్పుడల్లా మా బావగారు గుర్తొస్తారు.

తొట్ల గురించి ఎక్కువ చెప్పను. కుమ్మరి దగ్గరికి పోయి, ప్రమిదనే మూరెడు వెడల్పున చేసి అడుగున చిల్లులు పెట్టవయ్యా అని బతిమాలేవాళ్లం. చిల్లుల మీద కుండపెంకు బోర్లించేవాళ్లం. మట్టికి ఇటుక దంచి, ఏటి ఇసుక, మాగిన పెంట కలిపి జల్లించేవాళ్లం. మా ఆవిడ పిండి జల్లెడ పోయిందని వారం వెతికింది. అది మేడ మీద ఇటుకపొడి పట్టుకుని దొరికాక ఏం జరిగిందో పత్రికలో రాసేది కాదు.

అజ్ఞానం కూడా దండిగానే ఉండేది. అమెరికాలో స్థిరపడ్డ జపనీయ కుటుంబంవాడు జాన్ నాకా 1973లో అచ్చువేసిన ‘బోన్సాయ్ టెక్నిక్స్’ మాకు వేదం. ఒకరి దగ్గరున్న ప్రతికి అందరం జెరాక్సులు తీయించుకున్నాం. వసంతంలో వేళ్లు కత్తిరించి మట్టి మార్చమనేవి ఆ రోజుల్లో దొరికిన పుస్తకాలన్నీ. మనకి వసంతమంటే ఉగాది. ఉగాది పచ్చడి తిని శుభమా అని చెట్లు పెకలించి వేళ్లు కత్తిరించాం. మూడు వారాల్లో నలభై డిగ్రీలు! నాలుగు చెట్లు నావే పోయాయి, లెక్చరర్ గారివి ఆరు. రోళ్లు పగిలే రోహిణి కార్తె దాటించి, మృగశిరలో నాలుగు చినుకులు పడ్డాక ఆ పని చేయాలని పుస్తకం చెప్పలేదు. మేడమ్ వాళ్ల తోటమాలి చెప్పాడు. అతనికి బోన్సాయ్ అన్న మాట పలకడం కూడా రాదు, బోనుచెట్లు అనేవాడు.

జునిపర్ మోజూ తీర్చుకున్నాను. కొండప్రాంతం నుంచి తెప్పించి, జపాన్ బొమ్మలో ఉన్నట్టు వంచి, అందరికీ చూపించుకున్నాను. దాంతో వచ్చిన చిక్కేమిటంటే, అది చచ్చిపోయాక కూడా చాలా వారాలు పచ్చగానే ఉంటుంది. చచ్చిన చెట్టుకి నెలన్నర పాటు నీళ్లు పోశాను. ఆ నెలన్నరలో దానికి ఒక ప్రదర్శనలో ప్రోత్సాహక బహుమతి కూడా వచ్చింది.

ఇంతకీ చెట్లు ఎక్కడ దొరికేవనుకుంటున్నారు? గోదావరి అవతల కడియం నర్సరీల నుంచి కొన్ని వచ్చేవి. అసలైనవి మాత్రం గోడల్లో దొరికేవి. పాత ఇళ్ల పిట్టగోడల్లో, బావి గట్టుల్లో కాకి రెట్టకి మొలిచిన జువ్వి, రావి ఉంటాయి చూడండి, మట్టి అందక, నీళ్లు అందక పదేళ్లకు మూరెడు పెరిగి, లావు మాత్రం మణికట్టంత అయినవి. మనం చేద్దామని తంటాలు పడేదంతా గోడే చేసి పెడుతుంది. 1987లో ఓ పాత ఇల్లు పడగొడుతున్నారని అత్తరు పెద్దమనిషి కబురు చేస్తే, ఉలి, సుత్తి, తడి గోనెసంచి పట్టుకుని పరిగెత్తాను. మేస్త్రీకి టీ తాగించి, రాయి రాయిగా విడదీయిస్తూ రెండు గంటలు కూర్చున్నాను. బయటికొచ్చిన జువ్వి వేరు ఒకవైపు గుండ్రంగా ఉంది, రాయికి ఆనిన వైపు అప్పడంలా బల్లపరుపుగా ఉంది. ఆకులన్నీ తుంచి, ఇసుకలో నిలబెట్టి, నీడన పెట్టాను. నలభై రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఓ ఉదయం కొమ్మ చివర ఆవగింజంత ఎర్రటి మొగ్గ. ఆ రోజు ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాను. ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగారు.

ఆ జువ్వి ఇప్పటికీ ఉంది. వెనకవైపు ఇంకా అప్పడమే. చూడ్డానికొచ్చినవాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు: ఎన్నేళ్లది, ఎంతకిస్తారు. మూడో రకం వాళ్లు వాస్తు చెబుతారు, ఇంట్లో పొట్టిచెట్టుంటే పిల్లల ఎదుగుదల ఆగిపోతుందని. ఆరడుగుల మా అబ్బాయిని పిలిచి నిలబెడతాను.

ఇక అసలు విషయం, నీళ్లు. అరచేతి లోతు పళ్లెంలో ఉన్న చెట్టు మన ఎండల్లో ఒక్కరోజు నీళ్లు తప్పినా చస్తుంది. దీపావళికి ఊరెళ్లినా, తిరుపతికెళ్లినా, చావుకెళ్లినా ఎవరో ఒకరు పోయాలి. అప్పట్లో నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, మనుషులకే చాలేది కాదు. మేడమ్ ఇంటి వసారా గోడకి పదకొండు మేకులుండేవి. వాటికి పదకొండు ఇళ్ల మేడమెట్ల తాళంచెవులు. ఎవరు ఊరెళ్లినా చెప్పక్కర్లేదు, మేకు కింద సుద్దముక్కతో తేదీలు రాస్తే చాలు, దగ్గర్లో ఉన్నవాళ్లు చెవి తీసుకుపోయేవాళ్లు. రైల్వే గార్డుగారు నైట్ డ్యూటీ దిగి, యూనిఫాం విప్పకుండా, మా మేడెక్కి నీళ్లు పోసి ఇంటికెళ్లిన రోజులున్నాయి. ఆయన లేనప్పుడు ఆయన చింతచెట్టుకి నేను పోశాను. లెక్చరర్ గారికీ, నాకూ మూడేళ్లు మాటల్లేవు, ప్రదర్శనలో కప్పు దగ్గర గొడవ. ఆ మూడేళ్లూ ఆయన చెట్లకు నీళ్లు మాత్రం పోశాను. ఆయనా పోశాడు.

జపాన్‌లో ఓమియా అని బోన్సాయ్ పల్లె ఉంది. 1923 భూకంపంలో టోక్యో నాశనమయ్యాక అక్కడి బోన్సాయ్ పెంపకందార్లు కొందరు తరలిపోయి 1925లో కట్టుకున్నారు. ఆ రోజుల్లో ఆ పల్లెలో ఇల్లు కావాలంటే షరతులుండేవి: కనీసం పది బోన్సాయ్‌లు ఉండాలి, ఎవరొచ్చినా చూసేలా గేటు తీసి ఉంచాలి, చుట్టూ గోడ బదులు మొక్కల దడి ఉండాలి, పై అంతస్తు కట్టకూడదు. ఆఖరి షరతు చదివినప్పుడల్లా నాకు గుండెల్లో కలుక్కుమంటుంది. మా ఇంటికి దక్షిణాన ఉన్న పెంకుటిల్లు పోయి అయిదంతస్తుల అపార్ట్‌మెంటు లేచింది. శీతాకాలం నాలుగు నెలలు మా మేడ మీద పదకొండింటి దాకా ఎండ పొడ ఉండదు. చెట్లని పొద్దున ఒక మూలకి, మధ్యాహ్నం ఒక మూలకి మోస్తుంటాను. అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తు నుంచి ఒకాయన రోజూ చూసి, “అంకుల్, వాకింగా?” అంటాడు.

2014లో మా అమ్మాయి మేరీలాండ్ రమ్మంటే వెళ్లాను. నయాగరా వద్దన్నాను. వాషింగ్టన్ నేషనల్ ఆర్బొరేటమ్‌లో బోన్సాయ్ మ్యూజియం ఉంది, అక్కడికి తీసుకెళ్లమన్నాను. అక్కడొక తెల్ల పైన్ చెట్టుంది. 1625 నుంచి తొట్లో పెరుగుతోంది. అమెరికా స్వాతంత్ర్యానికి రెండొందల ఏళ్లని 1976లో జపాన్ వాళ్లు ఇచ్చిన 53 చెట్లలో అదొకటి. ఇచ్చినాయన మసారు యమాకీ. ఆయన ఇల్లు హిరోషిమా. 1945లో బాంబు పడిన చోటికి మూడు కిలోమీటర్ల దూరంలో, గోడ చాటున ఉండి ఆ చెట్టు బతికింది. ఆ బాంబు వేసిన దేశానికే దాన్ని ఇస్తూ ఆయన ఈ ముక్క చెప్పుకోలేదు. పాతికేళ్లు మ్యూజియం వాళ్లకే తెలియదు. 2001లో మనవలు తాతగారి చెట్టుని చూసిపోదామని వచ్చి చెబితే తెలిసింది. మన దగ్గర గుడికి ట్యూబ్‌లైటు ఇస్తే దాని మీద వెలుతురు రానంత పేరు రాయించుకుంటాం.

ఆ చెట్టు ముందు అరగంట నిలబడ్డాను. నాలుగొందల ఏళ్లంటే రోజుల్లో లెక్కేయండి, దగ్గర దగ్గర లక్షన్నర. అన్ని రోజులూ ఎవరో ఒకరు నీళ్లు పోశారు. యుద్ధంలో కూడా పోశారు. అక్కడ నిలబడి నేను మా అమ్మాయి ఫోన్ తీసుకుని రైల్వే గార్డుగారికి చేశాను. హైదరాబాద్‌లో అర్ధరాత్రి. “పోశానయ్యా, పడుకో” అని పెట్టేశాడు.

ఆయన 2017లో పోయాడు. అంతకుముందే మేడమ్. మేకులున్న గోడ కూడా లేదు, అక్కడిప్పుడు డయాగ్నస్టిక్ సెంటర్. నేను తర్వాత అమెరికా వెళ్లలేదు. మా అమ్మాయికి కోపం. చెట్లు ముఖ్యమా, మేం ముఖ్యమా అంటుంది. ఆర్నెల్లు ఎవరు నీళ్లు పోస్తారు చెప్పమంటే టైమర్ పెట్టించుకోమంటుంది. మాలో ఒకాయన టైమర్ పెట్టించుకుని కొడుకు దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లాడు. రెండో వారంలో బ్యాటరీ అయిపోయింది. తిరిగొచ్చేసరికి తొమ్మిది చెట్లు చీపురుకట్టలు. ఇప్పుడు మా ఫోన్ గ్రూపులో రెండొందల పైచిలుకు సభ్యులం. మే నెల రెండో శనివారం ప్రపంచ బోన్సాయ్ దినోత్సవమని ఎర్రటెండలో చెట్లు తెచ్చి బ్యానర్ కింద ఫొటోలు దిగుతారు. ఆ రోజు నిర్ణయించినవాళ్లకి మే నెల హైదరాబాద్ ఎలా ఉంటుందో తెలిసుండదు. మనవాళ్లకి తెలుసు కదా! నిరుడు శుక్లం ఆపరేషన్ చేయించుకోవాలి, పది రోజులు బరువులెత్తకూడదు, దుమ్ములో తిరగకూడదు, ఎవరైనా వచ్చి నీళ్లు పోస్తారా అని గ్రూపులో పెట్టాను. అరవై మంది చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. గెట్ వెల్ సూన్ అంకుల్.

వచ్చింది ఒక్కతే. మియాపూర్ అమ్మాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గ్రూపులో చేరి రెండేళ్లయింది, నన్ను అంకుల్ అంటుంది, గురువుగారూ అనడం రాదు. ఇటుకపొడి బదులు ప్యూమిస్ అనే తేలిక రాయేదో వాడుతుందని నాకు ఆ పిల్ల మీద ముందే చులకన. మొదటి మెట్రోలో వచ్చి, ఆరున్నరకల్లా మెట్లెక్కేది. మేడ మీద గదిలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని పడుకున్నాను. చూడ్డానికి లేదు కాబట్టి విన్నాను. ఎండిన మట్టి మీద మొదట నీళ్లు పడితే ఒక రకం చప్పుడు, జారిపోతాయి. కాసేపు ఆగాలి. మట్టి మెత్తబడ్డాక రెండోసారి పోస్తే గుటకలు వేసినట్టు లోపలికి దిగుతాయి. చెంబు తిరగేసి పోసేవాళ్లే ఇప్పుడంతా. మొదటి రోజు చప్పుడు ఆగిపోయింది. అయిపోయింది, వెళ్లిపోతుందని విసుక్కున్నాను. రెండు నిమిషాల తర్వాత మళ్లీ మొదలైంది. జువ్వి దగ్గర మూడోసారి కూడా పోసింది. ఆ వెనకవైపు అప్పడం దగ్గర మట్టి గట్టిది, మూడుసార్లు పోయాలని నేను చెప్పలేదు.

పదకొండో రోజు కళ్లద్దాలు తీసి బయటికొచ్చాను. అన్నీ ఉన్నాయి, ఒక్క ఆకు రాలలేదు. జువ్వికి ఎడమవైపు మూడో కొమ్మ మీద మాత్రం లేత నీలం చేతిరుమాలు కప్పి ఉంది.

ఆ కొమ్మ ఉంచాలా తీయాలా అని ఏళ్ల తరబడి తేల్చుకోలేకపోతున్నాను. రైల్వే గార్డుగారు తీసేయమనేవాడు. ఆయన ఏది తీసేయమంటే అది ఉంచడం నాకు అలవాటు. ఈ పిల్లకి ఈ రుమాలు సంగతి ఎవరు చెప్పారో అడుగుదామని ఫోన్ తీశాను, మళ్లీ పెట్టేశాను. పెద్దవాళ్ల చెట్టు మీద చెయ్యి వేసేముందు ఒక మాట అడగాలా వద్దా? మా రోజుల్లో అయితే అడిగేవాళ్లం.

వారం అయ్యాక రుమాలుకి దుమ్ము పట్టిందని తీసి ఉతికి ఆరేశాను. ఆరాక మళ్లీ అక్కడే కప్పాను.